కూలి బాకీ పెట్టి కానుక వెయ్యొచ్చా?

ప్రశ్న: అన్నగారికి వందనాలు. మాది కల్వకుర్తి దగ్గర ఒక ఊరు. తాతల కాలం నుంచి ఎం.బి. (మెనోనైట్ బ్రదరన్) సంఘస్తులం. మా ఆయన గుంపు మేస్త్రీ. మా ఊరి నుంచి, చుట్టుపక్కల తండాల నుంచి మనుషులను తీసుకెళ్లి హైదరాబాద్‌లో అపార్ట్‌మెంట్ల పని చేయిస్తాడు. సంఘంలో పెద్ద కూడా. ఆదివారం సాక్ష్యానికి లేచాడంటే అందరూ కళ్లు తుడుచుకుంటారు. దశమ భాగం, అంటే సంపాదనలో పదోవంతు కానుక, ఒక్క నెల కూడా తప్పలేదు. క్రిస్మస్‌కు దుప్పట్లు పంచి, ఫొటోలు వాట్సాప్‌లో పెడతాడు.

మొన్న మా గుంపులో పనిచేసిన ఒకామె ఇంటికి వచ్చింది. భర్త లేడు, ఇద్దరు పిల్లలు. ఆమెకు పదకొండు వేల కూలి ఇవ్వాలి. ఆమె రావడం అది మూడోసారి. మా ఆయన కూర్చోబెట్టి, "ప్రార్థన చేద్దాం అక్కా, దేవుడే దారి చూపిస్తడు" అని తలమీద చెయ్యి పెట్టి పెద్ద ప్రార్థన చేసి పంపించాడు. ఆమె గేటు దాకా వెళ్లి నాతో, "ప్రార్థన నేనూ చేసుకుంటనమ్మా, నా పైసలు ఇయ్యమను" అంది. ఆ రోజు నుంచి మోకాళ్ల మీద కూర్చున్నా నాకు ప్రార్థన రావడం లేదు. మా ఆయనతో అంటే, "రక్షణ విశ్వాసంతోనే, క్రియలతో కాదు. అయినా బిల్లు రాకపోతే నేనేం చెయ్యాలె" అంటాడు.

నేను ఇంట్లో జాకెట్లు కుడతాను, చేతిలో పెద్దగా డబ్బు ఉండదు. కానీ ఉత్త మాటలతో ఆగకుండా ఏదైనా చెయ్యాలని ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలి? ఇంకో సంగతి. మా స్త్రీల సమాజంలో ఒక పెద్దమ్మ, సువార్త చెప్పకుండా చేసే సహాయం వృథా అంటుంది. నిజమేనా?
ఒక సోదరి, నాగర్‌కర్నూల్ జిల్లా

జవాబు: చెల్లెమ్మా, వందనాలు. ముందు గేటు దగ్గర ఆమె అన్న మాట గురించి మాట్లాడుకుందాం. అందులో వెక్కిరింత ఏమీ లేదు. ప్రార్థన చేసుకుంటానని ఆమె కూడా అంటోంది. తన చెమట డబ్బు తనకు ఇమ్మంటోంది, అంతే. మీ ఇంటికి ఆమె అప్పులవాళ్లు వచ్చినట్టు వచ్చింది. మీ ఆయన మాత్రం సహాయం కోసం వచ్చిన మనిషిని చూసినట్టు చూశాడు. తిరకాసంతా అక్కడే ఉంది.

క్రియలు అనగానే మనకు దుప్పట్లు, బియ్యం, ఆసుపత్రిలో పండ్ల పంపిణీ గుర్తొస్తాయి. అవి మంచివే. కానీ అవి మన దగ్గర మిగిలిన దాంట్లోంచి ఇచ్చేవి. ఇంకొకరికి చెందాల్సింది మన జేబులో పెట్టుకుని, అందులోంచి తీసి పంచితే దాన్ని దానం అని ఎలా అంటాం? మీరు 'ఎక్కడ మొదలుపెట్టాలి' అని అడిగారు. బాకీ దగ్గర మొదలుపెట్టండి. దానం సంగతి తర్వాత చూసుకోవచ్చు.

యాకోబు పత్రిక రెండో అధ్యాయం 15, 16 వచనాలు మీకు కంఠతా వచ్చే ఉంటాయి. బట్టా తిండీ లేని సహోదరికి ఒంటికి కావలసింది ఇవ్వకుండా, 'సమాధానముగా వెళ్లుడి, చలి కాచుకొనుడి' అని పంపిస్తే ఏం ప్రయోజనం అని అడుగుతాడు యాకోబు. అక్కడి సహోదరికి ఎవరూ బాకీ లేరు, అవసరంలో ఉంది, అంతే. అయినా ఆయనకు అంత కోపం వచ్చింది. బాకీ ఉన్న మనిషినే దీవించి పంపిస్తే ఏమనేవాడో! ఏమనేవాడో ఐదో అధ్యాయం నాలుగో వచనంలో రాశాడు కూడా. పొలం కోసిన పనివాళ్లకు ఇవ్వకుండా పట్టుకున్న కూలి మొర పెడుతోందట, ఆ కేక ప్రభువు చెవిన పడిందట. ఆ అధ్యాయం మీద ప్రసంగాలు మన దగ్గర చాలా తక్కువ.

దశమ భాగం గురించి ఎక్కువగా చెప్పే వాక్యం మలాకీ మూడో అధ్యాయం పదో వచనం. 'పదియవ భాగమంతయు మీరు నా మందిరపు నిధిలోనికి తీసికొని రండి' అనేది. కానుకల సంచి తిరిగే ముందు చాలా సంఘాల్లో ఇదే చదువుతారు. మీ ఆయన కూడా చదివే ఉంటాడు. ఈసారి ఐదు వచనాలు వెనక్కి వెళ్లమనండి. అదే అధ్యాయం ఐదో వచనంలో దేవుడు ఎవరెవరి మీద సాక్ష్యం చెప్పడానికి వస్తున్నాడో లెక్క ఉంది. మాంత్రికులు, వ్యభిచారులు, అబద్ధ ప్రమాణం చేసేవాళ్లు, ఆ వరసలోనే కూలివాళ్లను కూలి దగ్గర బాధపెట్టేవాళ్లు, విధవరాళ్లను, తండ్రిలేని పిల్లలను బాధపెట్టేవాళ్లు. మీ గేటు దగ్గరికి వచ్చినామె కూలి మనిషి. భర్త లేనిది. పిల్లలకు తండ్రి లేడు. ఒక్క మనిషిలో మూడూ ఉన్నాయి.

మీ ఆయన్ని దుర్మార్గుడని నేను అనడం లేదు. బిల్లు రాలేదంటే నిజంగానే రాకపోయి ఉండొచ్చు. మేస్త్రీల కష్టం తెలియంది కాదు. బిల్డరు కాంట్రాక్టరుకు ఆపుతాడు, కాంట్రాక్టరు మేస్త్రీకి ఆపుతాడు, మేస్త్రీ మాత్రం ఊళ్లో అందరికీ ముఖం చూపించాలి. అడ్వాన్సులు అప్పు తెచ్చి ఇచ్చి ఉంటాడు, దానికి మిత్తి నడుస్తూ ఉంటుంది. ఇదంతా ఒప్పుకుంటాను. కానీ దశమ భాగం ఒక్క నెల కూడా తప్పలేదని మీరే రాశారు. దుప్పట్లూ ఆగలేదు. అంటే ఇంట్లోకి ఎంతో కొంత డబ్బు వస్తూనే ఉంది. వచ్చినప్పుడు ఎవరికి ముందు వెళ్లింది, ఎవరిది వెనక్కి పడింది అన్నదే ప్రశ్న. నలుగురూ చూసే చోటికి ముందు వెళ్లింది. గట్టిగా అడగగలిగేవాళ్లకు తర్వాత వెళ్లింది. ఏమీ చెయ్యలేని మనిషి వంతు వచ్చేసరికి బిల్లు రాలేదు. ఇది మీ ఆయన ఒక్కడి లోపం కాదు, మన ఊళ్ల తీరే ఇంత. క్రీస్తును నమ్మిన ఇంట్లో ఆ వరస తిరగబడాలి కదా అన్నదే నా బాధ.

రక్షణ క్రియలతో కాదన్న మాటకు వస్తే, అది నిజమే. దాని మీద మీ ఆయనతో వాదన పెట్టుకోకండి, ఓడిపోతారు. ఎఫెసీయులకు రాసిన పత్రిక రెండో అధ్యాయం 8, 9 వచనాలు స్పష్టంగా చెబుతున్నాయి. కాకపోతే పదో వచనం కూడా ఆ వెంటనే ఉంది. మంచి క్రియలు చెయ్యడానికే మనల్ని క్రీస్తులో సృష్టించారని. చాలామందికి బైబిల్ తొమ్మిది దగ్గర మూసెయ్యడం అలవాటు.

ఆ మాట రాసిన పౌలే ఫిలేమోనుకు ఉత్తరం రాశాడు. ఒక్క పేజీ ఉత్తరం. ఫిలేమోను దగ్గర్నుంచి పారిపోయిన దాసుడు ఒనేసిమును తిరిగి పంపిస్తూ, ఇతను నీకేమైనా నష్టం చేసినా, ఏమైనా బాకీ ఉన్నా అది నా లెక్కలో వెయ్యి, నేనే తీరుస్తాను, ఈ మాట నా చేత్తో రాస్తున్నాను అంటాడు. మన భాషలో చెప్పాలంటే నోటు రాసిచ్చాడు. విశ్వాసంతోనే రక్షణ అని లోకానికి చాటిన మనిషి, తానున్న చెరలోంచి ఇంకొకడి బాకీకి పూచీ పడ్డాడు. నీ బాకీ సంగతి కోసం ప్రార్థన చేద్దాం ఫిలేమోనూ అని రాసి ఊరుకోలేదు.

యేసును చూడాలని చెట్టెక్కిన పన్నుల వసూలుదారు జక్కయ్య కథలో కూడా నేను చూసేది ఇదే. చెట్టెక్కడం గురించి సండే స్కూలు పిల్లలకు కూడా తెలుసు. దిగిన తర్వాత ఏమన్నాడో చూడండి. సగం ఆస్తి బీదలకు ఇస్తాను, అన్యాయంగా ఎవరి దగ్గరైనా తీసుకుని ఉంటే నాలుగింతలు తిరిగి ఇస్తాను అన్నాడు. నేడు ఈ ఇంటికి రక్షణ వచ్చింది అని యేసు అన్నది ఆ మాట విన్నాకే. జక్కయ్య ఇస్తానన్నాడు, లెక్క చెప్పాడు. అది అతని సాక్ష్యం.

మీరు ఎం.బి. సంఘస్తులమని రాశారు కాబట్టి మీ ఇంటి చరిత్ర కొంచెం గుర్తుచేస్తాను. మెనోనైట్ బ్రదరన్ మిషన్ మన వైపు రావడం 1890 ప్రాంతంలో, రష్యా నుంచి వచ్చిన అబ్రహాం ఫ్రీసెన్ దంపతులు నల్లగొండలో పని మొదలుపెట్టినప్పుడు. తర్వాత అమెరికా నుంచి వచ్చినవాళ్లు దేవరకొండ, నాగర్‌కర్నూల్, జడ్చర్ల, మీ కల్వకుర్తి దాకా విస్తరించారు. 1907లో కాథరీనా షెలెన్‌బర్గ్ అనే డాక్టరమ్మ వచ్చింది. ఒంటరి మనిషి. 1945లో కన్నుమూసే దాకా ఇక్కడే వైద్యం చేసింది, చివరి ఏళ్లు శంషాబాద్‌లో. జడ్చర్ల మిషన్ ఆసుపత్రి పేరు పాలమూరులో తెలియని పాతతరం మనిషి ఉండడు. మీ తాతలను, అమ్మమ్మలను సంఘంలోకి తెచ్చిన మాటల వెనక పురుళ్లు పోసిన చేతులు, పుండ్లు కడిగిన చేతులు ఉన్నాయి. ఆ మిషన్‌లో లోపాలు లేవని కాదు, దొరల పెత్తనం గురించి పెద్దలు చెప్పే కథలు నేనూ విన్నాను. కానీ మాట చెప్పడంతో ఆగకుండా వైద్యం కూడా చేసి చూపించారన్నది మాత్రం నిజం.

ఇక మీరు చెయ్యాల్సిన పని. అన్నిటికన్నా కష్టమైంది మీ ఆయనతో మాట్లాడడం.

సంఘంలో, బంధువుల ముందు ఈ ఊసు ఎత్తకండి. పెద్దరికం ఉన్న మగవాణ్ని నలుగురిలో అడిగితే తప్పు ఒప్పుకోడు, తప్పును కాపాడుకుంటాడు. నేను పైన చెప్పిన వాక్యాలు కూడా మొదటిరోజే తీసి ముందు పెట్టకండి. రాత్రి అన్నం తిన్నాక, ఫోన్ పక్కన పెట్టాక, ఆయన హాజర్ల పుస్తకం అడగండి. ప్రతి మేస్త్రీ జేబులో ఒకటి ఉంటుంది, చిన్న డైరీయో, బడిపిల్లల నోటుబుక్కో. పేరు పక్కన గీతలు, సగం రోజుకు సగం గీత, పక్కన వారం ఖర్చులకు ఇచ్చింది. మీరు కుట్టు లెక్కలు రాసుకునే మనిషి, మీకు ఆ పుస్తకం చదవడం కష్టం కాదు. ఒక తెల్లకాగితం మీద రాయండి, ఎవరికి ఎంత ఇవ్వాలో. మొత్తం ఎంతైందో ఇద్దరూ చూడండి. చాలా ఇళ్లలో ఆ మొత్తం ఎవరూ ఎప్పుడూ కలిపి చూసి ఉండరు. మేస్త్రీకి కూడా తెలియదు, భయమేసి కలపడు.

తర్వాత ఒక్క మాట అడగండి: "రేపు ఏ పదివేలు వచ్చినా మొదట ఎవరికి ఇద్దాం?" నా అభిప్రాయం అడిగితే, భర్త లేని ఆమెకు, ముసలివాళ్లు ఉన్న ఇళ్లకు, జబ్బు మనిషి ఉన్న ఇంటికి ముందు. దశమ భాగం ఆ కాగితం అయిపోయాకే. ఇది విని మీ పాస్టరయ్యకు నామీద కోపం రావచ్చు. రానివ్వండి. అయినా ఆ మాట ఆయన్నే అడగండి, 'అయ్యగారూ, కూలి బాకీ ఉన్న డబ్బులోంచి కానుక వెయ్యొచ్చా' అని. మంచి సేవకుడైతే ముందు బాకీ తీర్చిరండి అంటాడు. బలిపీఠం దగ్గర అర్పణ పెట్టి, నీమీద సహోదరుడికి ఏదైనా విరోధం ఉందని గుర్తొస్తే ముందు వెళ్లి సమాధానపడమన్నది యేసే కదా.

ఆ పదకొండు వేలు మీ కుట్టు డబ్బులోంచి మీరే రహస్యంగా ఇచ్చేద్దామని మీకు అనిపిస్తుందని నా అనుమానం. అలా చెయ్యకండి. ఆమె సమస్య తీరుతుంది కానీ, తర్వాత వచ్చే మనిషికి మళ్లీ ప్రార్థనే దొరుకుతుంది. ఆ డబ్బు మీ ఆయన చేత్తో, ఆమె ఇంటికి వెళ్లి ఇవ్వాలి. ఒకేసారి కాకపోతే రెండు మూడు విడతల్లో, తేదీ చెప్పి, ఆ తేదీ తప్పకుండా. తప్పేట్టుంటే ముందు రోజే కబురు పంపాలి. ఆమె మూడుసార్లు తిరగడంలో కాళ్ల నొప్పి కంటే అవమానం ఎక్కువ. అది తగ్గేది ఆయనే ఆమె గడప దాకా నడిచినప్పుడు.

మీరు మాత్రం ఈలోపే ఆమె దగ్గరికి వెళ్లండి. బైబిల్ చేతిలో పట్టుకుని కాదు. కూర్చోండి, పిల్లల చదువు అడగండి, 'మా దగ్గర నీ పైసలు ఉన్నయి, మేం మర్చిపోలేదు' అని చెప్పండి. మీ ఆయన మీద చెడుగా ఒక్క మాట వద్దు, ఆయన్ని వెనకేసుకు రావడమూ వద్దు.

అన్నీ చేసినా ఆయన కదలకపోతే? అది కూడా చెప్పాలి. 2019లో పార్లమెంటు ఆమోదించిన వేతనాల కోడ్ ప్రకారం రోజు కూలీకి ఆ షిఫ్టు ముగిసేసరికి, నెల జీతగాడికి తర్వాతి నెల ఏడో తేదీలోపు చెల్లించాలి. లేవీయకాండం పంతొమ్మిదో అధ్యాయంలో కూలివాని కూలి మర్నాటి దాకా నీ దగ్గర ఉండకూడదని ఉంది. చట్టం బైబిల్ దారికే వచ్చింది. ఆమె లేబర్ ఆఫీసుకు వెళ్లొచ్చు. ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా వకీలును ఇస్తుంది. ఆమె వెళితే మీరు అడ్డుపడకండి. ముందుగానే మీ ఆయనకు చెప్పండి, 'ఆమె పోతే నేను ఆపను' అని. భార్యగా అది అనడం ఎంత కష్టమో తెలుసు. ఇంట్లో చెయ్యి చేసుకునే భయం ఉంటే మాత్రం మీరొక్కరే ఈ పని నెత్తిన వేసుకోకండి, మీ అన్నదమ్ములనో, నమ్మకమైన ఆడబిడ్డనో కూర్చోబెట్టుకుని మాట్లాడండి.

మీ కుట్టుమిషన్ గురించి తక్కువగా రాశారు. అపొస్తలుల కార్యములు తొమ్మిదో అధ్యాయంలో తబితా ఉంది, దొర్కా అంటారు. ఆమె మాట్లాడిన మాట బైబిల్‌లో ఒక్కటీ లేదు. ఆమె చనిపోతే విధవరాళ్లు ఏడుస్తూ పేతురుకు ఆమె కుట్టిన అంగీలు, వస్త్రాలు తెచ్చి చూపించారు. మీ ఊళ్లోనూ సంక్రాంతి తర్వాత ముసలివాళ్లు, పిల్లలు మిగిలి, పనిచేసేవాళ్లంతా పట్నం పోయి ఉంటారు. పింఛన్ రోజు పోస్టాఫీసు దగ్గర రెండు మూడుసార్లు తిరిగే అవ్వ ఉంటుంది. ఆమెతో పాటు వెళ్లి నిలబడేవాళ్లు కావాలి. బీపీ మాత్రలు అయిపోయి ఊరుకున్న తాత ఉంటాడు. దీనికి డబ్బు అక్కర్లేదు, పూట సమయం కావాలి. ఒకరిద్దరిని పెట్టుకోండి, పదిమందిని పెట్టుకుంటే రెండు నెలల్లో మానేస్తారు.

ఆ పెద్దమ్మ మాటకు నా జవాబు పదిమంది కుష్ఠరోగుల కథ. పదిమందినీ యేసు బాగుచేశాడు, ఒక్కడే తిరిగొచ్చి కృతజ్ఞత చెప్పాడు. మిగతా తొమ్మిదిమంది ఏరీ అని అడిగాడు కానీ వాళ్ల స్వస్థతను వెనక్కి తీసుకోలేదు. సహాయానికి సువార్తను షరతుగా కడితే, తీసుకునేవాళ్లకు అది బేరంలా కనిపిస్తుంది. వాళ్లంతట వాళ్లే 'ఎందుకమ్మా ఇదంతా' అని అడిగితే అప్పుడు చెప్పండి, దాచకండి. అడగకపోతే పని చేసి ఇంటికి రండి. ఫొటోలు మాత్రం ఆపించండి. దుప్పటి తీసుకునే ముసలామె ముఖం వాట్సాప్‌లో తిరగాల్సిన అవసరం ఎవరికుంది? కుడిచెయ్యి చేసింది ఎడమచేతికి తెలియకూడదన్న మాట మీ ఆయనకు వచ్చే ఉంటుంది.

ఇంకొక్కటి. మీ ఆయన చేతిలో డబ్బు కాని గొప్ప సహాయం ఒకటుంది, అది ఆయనకు తట్టి ఉండదు. భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ బోర్డులో పేరు నమోదుకు, మనవాళ్లు లేబర్ కార్డు అంటారే దానికి, పద్దెనిమిది నుంచి అరవై ఏళ్ల లోపు వయసు, ఏడాదిలో తొంభై రోజులు నిర్మాణ పని చేసినట్టు రుజువు ఉండాలి. ప్రసవం, పిల్ల పెళ్లి, ప్రమాదం లాంటి వాటికి ఆ కార్డు మీద సాయం వస్తుంది. మన కూలీల్లో చాలామంది ఆగిపోయేది ఆ తొంభై రోజుల రుజువు దగ్గరే. గుంపులో ఎవరు ఎన్ని రోజులు పనిచేశారో మీ ఆయన హాజర్ల పుస్తకానికి తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. ఆ కాగితాలు మీరు నింపండి, రోజుల లెక్క ఆయన్ని రాసివ్వమనండి. కాంట్రాక్టరు సంతకం అవసరమైతే ఆయనే వెంటపడి తెచ్చిపెట్టాలి. ఆధార్, బ్యాంకు పాస్‌బుక్ జిరాక్సులు, ఫొటోలు పెట్టుకుని మీసేవకు పంపండి. ఆ పిల్లల తల్లి దరఖాస్తుతోనే మొదలుపెట్టండి, కాకపోతే ఆమె కూలి చేతికిచ్చాక.